సందు మూసుకోకముందే

బ్యూమాంట్, టెక్సస్
జూలై 14, 1976

ప్రియమైన క్లీ,

నువ్వు క్యాంపుకి క్షేమంగా చేరావని నువ్వు రాయలేదు, పేపరు రాసింది. అందులో నీ బొమ్మా, మీ కొత్త కుర్రాడి బొమ్మా పక్కపక్కన వేశారు. నీది తపాలా బిళ్లంత, వాడిది అరచేయంత. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఈ అబ్బాయెవరే?" అంది. క్లీ స్థానంలోకి తెచ్చుకున్నవాడమ్మా అన్నాను. "మరి క్లీ అక్కడేం చేస్తున్నాడు?" అంది. దానికి జవాబు నీ దగ్గరుంటే రాయి.

ఈ ఏడు కాలేజీ కుర్రాళ్లందరిలో మీ టీము మొట్టమొదట ఏరుకున్నది ఆ డెక్స్టర్‌నే. నీకు నీళ్లందించడానికైతే కాదు కదా. బంతి చంకలో పెట్టుకుని, గోడల్లాంటి మనుషుల మధ్య సందు చూసుకుని దూరే పని పదకొండేళ్లు చేశావు. నీ అంత బాగా చేసినవాళ్లు మీ టీములో లేరు, ఒప్పుకుంటాను. కానీ నీకు ముప్పై మూడేళ్లు. ఆ పని చేసే రన్నింగ్ బ్యాక్ లెక్కలో అది మా తాతగారి వయసు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు.

ప్రిన్సిపాల్ బ్రాషియర్ గారు చర్చిలో మళ్లీ ఆపి అడిగారు. మనం చదివిన బడిలో ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగం ఇంకా నీ కోసమే ఉంచారట. ఆగస్టు పదమూడు, శుక్రవారం దాకా ఆగుతారు. ఆ తర్వాత హ్యూస్టన్ మనిషెవరికో ఇచ్చేస్తారు. "ఆలోచించి చెప్తా" అని రైలెక్కావు. ఆలోచించడానికి అంతేముందో నాకు అర్థం కాదు.

ఫోను చేయకు. ఫోనులో నువ్వు "బాగున్నా, బాగున్నా" తప్ప ఇంకో మాట అనవు. ఉత్తరం రాయి. కాగితం మీద నీ అబద్ధాలు తొందరగా దొరుకుతాయి.

ఓపిక అడుగంటిన నీ
వెర్లీన్

*

ట్రైనింగ్ క్యాంపు, ఒహాయో
జూలై 19

నా ప్రియమైన వెర్లీన్,

నీ ఉత్తరం చదివాక ప్రాక్టీసు హాయిగా అనిపించింది. అక్కడ నన్ను కొట్టేవాళ్లు కనీసం తలకి టోపీ ఇచ్చి కొడతారు.

మీ అమ్మతో చెప్పు, క్లీ ఇక్కడ బడిపంతులు పని చేస్తున్నాడని. కోచ్ హలోరన్ నన్ను పిలిచి, "క్లీ, ఆ కుర్రాణ్ణి నీ గదిలో వేస్తున్నా. నీకు తెలిసిందంతా వాడికి చెప్పు" అన్నాడు. నా మెడకి కత్తి నన్నే సాన పట్టమంటున్నాడన్నమాట. సరేనన్నాను. కాదంటే భయపడ్డాననుకుంటారు.

ఇక ఆ డెక్స్టర్. జార్జియా కుర్రాడు, ఇరవై రెండేళ్లు. కొత్తవాళ్లందరిలాగే భోజనాల దగ్గర కుర్చీ ఎక్కి కాలేజీ పాట పాడమంటే మూడు చరణాలూ పాడాడు, ఆపమన్నా ఆపలేదు. పరుగైతే పెడతాడు, కాదనను. కానీ బంతి తన దగ్గర లేనప్పుడు ఏం చేయాలో వాడికి బొత్తిగా తెలియదు. మన బంతి విసిరేవాడి మీదికి ఎదుటివాడు దూసుకొస్తుంటే అడ్డం నిలబడాలా, వద్దా? వీడు పక్కకి తప్పుకుని దారిస్తాడు. పైగా ప్రశ్నలు. దీపమార్పాక కూడా, "సార్, ఎడమ పక్కనుంచి ఇద్దరొస్తే ఎవణ్ణి ఆపాలి సార్?" అంటాడు. లోపలివాణ్ణిరా నాయనా అని పన్నెండుసార్లు చెప్పాను.

వీడు నా చోటుకి వచ్చేసరికి మన చిట్టితల్లి డెనీస్‌కి పెళ్లవుతుంది. మోకాలు బాగుంది. బ్రాషియర్ గారికి నా నమస్కారాలు చెప్పు, ఆలోచిస్తున్నానని చెప్పు.

నీ
క్లీ

*

బ్యూమాంట్
జూలై 24

ప్రియమైన పంతులుగారికి,

మోకాలు బాగుందా? లొరేన్ వాళ్లాయనదీ మీ టీమేనని, నీ పక్క గదిలోనే ఉంటాడని మర్చిపోయావు. వారంలో రెండుసార్లు డాక్టరు నీ మోకాల్లోంచి సూదితో నీరు తీశాడట. రెండోసారి తీసిన నీటిలో నెత్తురు కూడా ఉందట. ఈ సంగతి నాకు లొరేన్ చెప్పాలి. అదీ కూరగాయల కొట్లో, బెండకాయలు ఏరుకుంటున్నప్పుడు, పదిమంది వింటుండగా.

నాకు ఒళ్లు మండిపోతోంది క్లీ. నీ మోకాలి మీద కాదు, నీ మీద. పదకొండేళ్లు ప్రతి ఆదివారం స్టాండ్లలో కూర్చుని, నువ్వు కిందపడ్డ ప్రతిసారీ లేచేదాకా ఊపిరి బిగబట్టాను. నువ్వు బాగా ఆడతావా లేదా అని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే. ఇంటికి నీ కాళ్ల మీద నడిచి వస్తావా, రావా? వాళ్లు పొమ్మన్నాక వస్తావా, నువ్వే వస్తావా?

తెల్లవారకముందే ఎవడో వచ్చి తలుపు కొట్టి, "కోచ్ రమ్మంటున్నాడు, ఆటల పుస్తకం పట్టుకు రా" అంటాడని, అంటే టీములోంచి తీసేసినట్టేనని ప్రతి ఏడూ నువ్వే కథలు కథలుగా చెప్పి నవ్వేవాడివి. ఎంతమంది పెద్ద మనుషులు ఆ పుస్తకం అప్పగించేసి, సంచి ఒళ్లో పెట్టుకుని బస్సు కోసం మెట్ల మీద కూర్చున్నారో కూడా నువ్వే చెప్పావు. ఆ మెట్ల మీద నిన్ను ఊహించుకోవడం నా వల్ల కాదు.

బ్రాషియర్ గారికి నమస్కారాలు చెప్పాను. ఆయనకి నమస్కారాలు అక్కర్లేదట, కోచ్ కావాలట.

నీ
వెర్లీన్

*

క్యాంపు
జూలై 30

ప్రియమైన వెర్లీన్,

కోపం కాస్త పక్కన పెట్టి ఇది చదువు. క్లీ పని అయిపోయిందనేవాళ్లందరికీ నిన్న జవాబు చెప్పాను.

మధ్యాహ్నం అందర్నీ గదిలో కూర్చోబెట్టి ప్రాక్టీసు రీలు వేశారు. దూరపు మంచె మీదనుంచి తీసిన బొమ్మ, మొహాలు కనపడవు. మేమంతా ఒకే ఎర్రచొక్కాలు, నంబర్లుండవు. హలోరన్ సంగతి నీకు తెలుసు కదా, ఒకే ఆట ముక్కని ముందుకీ వెనక్కీ పదిసార్లు తిప్పుతాడు. అందులో మా రన్నింగ్ బ్యాక్‌కి బంతి అందింది. ఎదురుగా మన మనిషి కష్టపడి తెరిచిన సందు, గుమ్మమంత ఉంది. వీడు ఒక అడుగు ఆలస్యం. వెళ్లేసరికి సందు మూసుకుపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లు నేను చెప్పిందంతా చెవిటివాడి ముందు శంఖమైంది కదా అనిపించింది. చీకట్లోనే లేచి, "ఒరే డెక్స్టర్, ఆ నడకేంట్రా? పింఛను తీసుకోడానికి వెళ్తున్నావా? నేను ఆ సందులోంచి ట్రాక్టరు తోలుకెళ్లేవాణ్ణి" అన్నాను.

ఒక్కడూ నవ్వలేదు. హలోరన్ కూడా నోరెత్తలేదు. డెక్స్టర్ మాత్రం తల వంచుకుని, "అవును సార్, సరిచేసుకుంటా" అన్నాడు. నా మాటకి ఇంకా అంత విలువుందన్నమాట. ఈ మాట మీ అమ్మకి కూడా చదివి వినిపించు.

బ్రాషియర్ గారి విషయం చూద్దాంలే. పదమూడుకి ఇంకా చాలా టైముంది.

నీ
క్లీ

*

బ్యూమాంట్
ఆగస్టు 4

ప్రియమైన క్లీ,

చదివి వినిపించాను. మా అమ్మ అలసందలు ఒలవడం ఆపి, "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను. "ఒక్కడు కూడా నవ్వలేదా?" అని అడిగింది. లేదట అన్నాను. మళ్లీ ఒలుచుకుంటూ కూర్చుంది.

నాకూ అదే నచ్చలేదు. ఆ మనుషులు నాకు తెలుసు. పక్కవాడు తేన్చితే అరగంట నవ్వుతారు. చర్చిలో నవ్వుతారు, చావింట్లో నవ్వుతారు. అలాంటివాళ్లు నలభై మంది, కొత్త కుర్రాణ్ణి నువ్వు ఎద్దేవా చేస్తుంటే, మూతులు బిగించుకుని కూర్చున్నారా?

నాకు ఫుట్‌బాల్ గురించి నీ అంత తెలియదు. ఆ రీలు ఇంకోసారి చూడు.

వెర్లీన్

*

క్యాంపు
ఆగస్టు 9

నా వెర్లీన్,

చూశాను.

నువ్వు చెప్పావని కాదు. నీ ఉత్తరం వచ్చేసరికే చూశాను. ఆ తప్పు వాడికి దగ్గరుండి చూపిద్దామని, రీలు వేసే ముసలాయన్ని బతిమాలి, శనివారం భోజనాలయ్యాక డెక్స్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వేయించాను. మూడుసార్లు తిప్పించాను. నాలుగోసారి ముసలాయన మిషను ఆపడం మర్చిపోతే, రీలు ఆ ఆట ముక్క అయిపోయాక కూడా ఇంకొంచెం తిరిగింది. సందులో పడ్డవాడు కుడిచేయి తొడ మీద ఆనించి, ఎడమకాలు చాపి, లేచాడు.

రెండేళ్లుగా నేను అలాగే లేస్తున్నాను. ఇరవై రెండేళ్లవాడు అలా లేవడు.

డెక్స్టర్ తెర వైపే చూస్తున్నాడు. "ఆ రోజే ఎందుకు చెప్పలేదురా?" అన్నాను. "మీరు అందరి ముందూ అన్నారు సార్. అందరి ముందూ పెద్దవాళ్లని కాదంటే మా అమ్మ చంపేస్తుంది" అన్నాడు. మళ్లీ తనే, "నేనూ అక్కడ ఆలస్యమే సార్" అన్నాడు. అబద్ధం. వాడు ఎక్కడా ఆలస్యం కాదు.

గురివింద గింజకి తన కింది నలుపు తెలియదంటారు. నేను నలభై మంది ముందు నిలబడి చూపించాను. సిగ్గుతో చచ్చిపోయాను వెర్లీన్. అంతకంటే ఎక్కువగా, కోచ్ మీద, ఆ నలభై మంది మీద, చివరికి ఆ మిషను మీద కూడా కోపం వచ్చింది. ఎవరో ఒకడు నవ్వి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే తలుపు తట్టే మనిషి రాకముందే, ఆటల పుస్తకం పట్టుకుని నేనే హలోరన్ దగ్గరికి వెళ్లాను. ఆయన గడ్డం చేసుకుంటున్నాడు. పుస్తకం బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూసి నురగ మొహంతోనే మండిపడ్డాడు. "నీకేమైనా పిచ్చా? నిన్ననే ఓనరుతో మూడు గంటలు పోట్లాడి నీ పేరు లిస్టులో ఉంచా. ఆయన నిన్ను తీసేయమంటే నేను కుదరదన్నా. ఇప్పుడు నువ్వే వచ్చి పోతానంటావా?"

అవును, నన్ను ఉంచుకున్నారు. చదివి నవ్వుకో. కుర్రాడు అలిసిపోయినప్పుడు వాడి బదులు నాలుగు నిమిషాలు ఆడాలి, మిగతా టైమంతా వాడికి చెప్పాలి, ఆదివారం యూనిఫాం వేసుకుని బెంచీ మీద కూర్చోవాలి. ఇంకో ఏడాది జీతం. నెల క్రితం ఈ మాట చెప్పి ఉంటే ఆయన చేతులు పట్టుకునేవాణ్ణి. "ఆ రీల్లో ఎవరో మీకు తెలుసు కదా?" అన్నాను. ఆయన రేజరు కడుక్కుంటూ, "గదిలో అందరికీ తెలుసు" అన్నాడు. అందుకే వెళ్తున్నానన్నాను.

ఈ శనివారం మ్యాచి దాకా ఉండి డెక్స్టర్‌కి ఆ ఎడమ పక్క సంగతి నేర్పి వెళ్లమన్నాడు. ఒప్పుకున్నాను. వాడు ఇంకా బయటివాడినే ఆపుతున్నాడు, నాకు పిచ్చెక్కిపోతోంది.

బ్రాషియర్ గారికి ఫోను చేయడానికి నాకు మొహం చెల్లడం లేదు. నెలరోజులు ఆయన్ని తిప్పాను. ఇది నీకు చేరేసరికి గడువుకి ఒక్కరోజుంటుంది. నువ్వే వెళ్లి అడుగు. హ్యూస్టన్ మనిషికి ఇచ్చేశారంటే నేనేమీ అనను. ఆయన కింద పని చేయమన్నా చేస్తాను.

నీ
క్లీ

*

బ్యూమాంట్
ఆగస్టు 12

ప్రియమైన క్లీ,

ఉత్తరం ఇప్పుడే వచ్చింది. వంటింట్లో నిలబడే చదివాను.

బ్రాషియర్ గారి దగ్గరికి వెళ్లాల్సిన పని లేదు. నీకు మొదటి ఉత్తరం రాసిన రోజునే, నువ్వు ఒప్పుకున్నావని ఆయనకి చెప్పేశాను. చర్చి మెట్ల మీద నిలబడి, ఆయన కళ్లలోకి చూసి అబద్ధమాడాను. హ్యూస్టన్ మనిషి ఎవడూ లేడు. పదమూడో తేదీ గడువు నేను పెట్టిందే. తిడతావో ఏం చేస్తావో, ఇంటికొచ్చాక చేయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. నిరుడు డిసెంబరులో ఆఖరి మ్యాచి, చలికి కాళ్లు కొంకర్లు పోతున్నాయి. నీకు బంతి ఇచ్చారు, సందు తెరుచుకుంది, నువ్వు చేరేసరికి మూసుకుపోయింది. నా వెనక వరసలో ఒకడు, "ఆ ముసలాణ్ణి కూర్చోబెట్టండ్రా" అని అరిచాడు. వాడికి నాలుగు పెడదామని లేచి వెనక్కి తిరిగాను. నా సంగతి తెలుసు కదా, నీ గురించి మాటంటే ఎంతటివాణ్ణయినా ఊరుకోను. నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. వాడు అరవకముందే నేనూ అదే అనుకున్నాను.

తిరిగి నా చోట్లో కూర్చున్నాను. నీ భార్యని, వాడి నోరు మూయించలేకపోయాను. వాడి మీద వేయాల్సిన కేకలన్నీ అప్పటినుంచీ నీ మీద వేస్తున్నాను. మోకాలని, ఉద్యోగమని, ఉత్తరాలు రాయవని, ఏదో ఒక వంక. నువ్వు రీలు చూసి ఒక్క రాత్రిలో ఒప్పుకున్నావు. నేను చూసి ఎనిమిది నెలలైంది, నీతో చెప్పలేక నీతో పోట్లాడుతూనే ఉన్నాను.

మంగళవారం రైలుకి రా. స్టేషనుకి నేనొస్తాను. మూడు రోజులు నిన్ను ఒక్క మాట అనను. నాలుగో రోజు నుంచి చెప్పలేను.

నీ
వెర్లీన్