ఎండలకు దాచిపెట్టిన నీ బండి

శంకరన్నా,

ఇది నువ్వు చదవవు. అందుకే ఇన్ని తిట్లు రాయగలుగుతున్నాను.

రేపు లీవు మీద ఊరికి పోతున్నాను. మస్కట్ ఎండల్లో నీ బండి రెండు నెలలు కదలకుండా ఉండాలి కదా, ఇవాళ నువ్వు నేర్పినట్టే అన్నీ చేశాను. "ట్యాంకు నిండా కొట్టియ్యాలెరా, సగముంటే లోపల తుప్పు పడ్తది" అని ఏటా నా ప్రాణం తీసేవాడివి. నిండా కొట్టించాను. ఆయిల్ మార్చాను. డబుల్ స్టాండు వేశాను.

పోయినేడు ఇదే పనికి శుక్రవారమంతా పెట్టావు. మధ్యమధ్యలో ఛాతీ పట్టుకుని కూలబడ్డావు. బౌషర్‌లో మన రూమ్ ఎదురుగానే ఆస్పత్రి. "గ్యాసేరా, ఊరికి పోయినంక చూపిచ్చుకుంట" అన్నావు. బండికి ఒక రోజంతా ఇచ్చినవాడివి, డాక్టరుకు పావుగంట ఇవ్వలేకపోయావా? తెల్లారి డ్యూటీలోనే పోయావు. అన్నా అని పిలిచిన నోరు కాబట్టి ఇంతటితో ఊరుకుంటున్నాను.

చివరగా బ్యాటరీ వైరు విప్పుదామని సీటు ఎత్తాను. పానాల సంచిలో నీ గ్యాస్ గోళీల పట్టీ కనిపించింది. రెండే వాడావు.

నీ మాట నమ్మి, ఆస్పత్రి దాటుకుని పోయి, ఆ గోళీలు కొనుక్కొచ్చింది నేనే.