పక్క ఉబ్బిన టైరు

ఆదివారం రాత్రి

న్యాల్‌కల్ బడికి రోజూ నేను నడుపుకుంటూ వెళ్లే కారుకు ఇవాళ ముందు టైర్లు రెండూ మార్పించాను. టైర్ల కొట్లో మొదట చూపించిన వాటి మీద అచ్చేసిన తయారీ సంవత్సరం చదివి, ఇది పాత సరుకు, వద్దన్నాను. కొట్టాయన లోపలి నుంచి వేరేవి తెచ్చాడు. మా ఆయన వచ్చుంటే మొదటివే బిగించుకొని వచ్చేవాడు.

పేచీ నా కారు నుంచి విప్పిన పాత టైరు ఒకదాని దగ్గర వచ్చింది. దాని పక్కభాగంలో కోడిగుడ్డంత ఉబ్బు. కోసి పారేయమన్నాను.

"ఎందుకు టీచరమ్మా? ఇంకా నడుస్తది. నాకిచ్చేయుండ్రి, బిల్లుల తగ్గిస్త."

"మీకిస్తే ఎవరి బండికి ఎక్కిస్తరు?"

"ఎవరో ఒకరు కొంటరు. మీకెందుకు ఫికర్?"

"తగ్గించకున్నా మంచిదే. నా ముంగటనే కొయ్యుండ్రి."

గొణుక్కుంటూనే కత్తితో పక్కంతా చీల్చాడు. నేను చేసింది తప్పు కాదు, అందులో నాకు అనుమానం లేదు.

కానీ నిరుడు అదే కొట్లో ఆ టైరును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది నేనే. మొదటివాళ్లు దాన్ని ఎందుకు విప్పించారో అప్పుడు అడగలేదు. దానితోపాటు కొన్న స్టెప్నీ ఇంకా డిక్కీలోనే ఉంది.