అత్తయ్య తట్టిన తలుపు

అత్తయ్యా,

ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం నీ కుట్టుమిషన్ మీద పెట్టి వెళ్తున్నాను. కోపం తగ్గాక చదువు.

మన దేశంలో వీడియో గేములు తయారుచేసే పని ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది. మాకు దగ్గర్లో నేర్పేవాళ్లు లేరు. అందుకే ఆదివారాలు నీ షాపు మీది గదిలో పన్నెండు మందిమి చేరి, ఒకరి గేమ్ ఇంకొకరం ఆడి తప్పులు పడతాం. ఆడేవాళ్లకు ఎలా ఆడాలో ఎవరూ చెప్పకూడదని మా నియమం. మొన్న నువ్వు ఫోన్‌లో నా గేమ్ ఆడుతుంటే అందులో తలుపు తెరుచుకోక, "ఇంతమంది ఉన్నారు, ఒక్కడికీ నోరు లేదట్రా!" అని నువ్వు విసురుగా వెళ్లిపోయినా మేం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నది అందుకే.

తప్పు నీది కాదు. తెర మీద తలుపు కనబడితే మేమంతా అలవాటుగా దాని మీద వేలు నొక్కిపెడతాం, అలా చేస్తేనే అది తెరుచుకుంటుంది. నువ్వేమో మర్యాదగా రెండుసార్లు తట్టి, "ఎవరమ్మా లోపల?" అన్నావు. అలా తట్టేవాళ్లుంటారని మా పన్నెండు బుర్రల్లో ఒక్కదానికీ తోచలేదు. ఇప్పుడు అందరూ తమ గేమే నువ్వు ముందు ఆడాలని కొట్టుకుంటున్నారు.

ఆదివారం రా. మేం మళ్లీ నోరు మెదపం, ముందే చెబుతున్నాను. నువ్వు మాత్రం ఆ తలుపు తట్టు. "వస్తున్నా, ఉండమ్మా!" అంటూ ఒకావిడ వచ్చి తీస్తుంది. ఆవిడ మెడలో కొలతల టేపు ఎందుకుందని మాత్రం నన్నడక్కు.

నీ మేనల్లుడు