కామా దగ్గర కూర్చునే పిల్ల

విశాఖపట్నం జిల్లా, చోడవరంలో కాపురం ఉంటున్న, ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసి రిటైరైన, కీర్తిశేషులు గోవిందరావు గారి భార్య గంగాభవాని అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. రేపు పొద్దున్న విశాఖపట్నంలో నా గుండెకి ఆపరేషన్. నాకు భయంగా ఉంది. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. భయం వేరు, మతి చెడడం వేరు. ఈ రెండూ కలిపి రేపు ఎవరూ వాదన పెట్టకూడదు.

దస్తావేజులు రాసే బంగార్రాజు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "దస్తావేజుల్లో కామాలెట్టరమ్మా, మజ్జిలో ఎవుడేనా మాట దూర్చెత్తాడు" అని గొణుగుతున్నాడు. అయినా పెడుతున్నాను. బతుకంతా పిల్లల చేత పెట్టించి, ఆఖరి కాగితంలో మానేస్తే నన్ను నేనే బెంచీ ఎక్కించుకోవాలి.

1. నా స్వార్జితమైన పెంకుటింట్లో లోపలి గదులు, వంటిల్లు, పెరడు మా తమ్ముడి కొడుకు శ్యాంప్రసాద్‌కి నా తదనంతరం సర్వహక్కులతో చెందాలి. ఆసుపత్రిలో నా పక్కన ఉండడానికి సెలవు పెట్టి వచ్చాడు. మంచి పిల్లాడు. పెరట్లో కరివేపాకు మాత్రం వీధిలో ఎవరడిగినా కోసుకోనివ్వాలి.

2. వీధి అరుగు కూడా అతనికే, సాయంత్రాలు దాని మీద పిల్లల పాఠం జరగనివ్వాలనే షరతుతో.

3. పై రెండో అంశం రద్దు. అది రాసి లేచాను, వీధిలోకి వెళ్ళాను, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళు చూసి మళ్ళీ వచ్చాను. మొన్న శ్యాంప్రసాద్ టేపు పట్టుకుని ఆ అరుగు కొలవడం కళ్ళ ముందు మెదులుతోంది. "ఖాళీగానే ఉంటాది కదత్తా, ఎస్టీడీ బూతెట్టుకుంటే మా బామ్మర్ది బతుకుతాడు" అన్నాడు. అతని బాధ అతనిది. కానీ గోడ లేచాక షరతు ఎవరికి గుర్తుంటుంది? రెండో అంశం కొట్టేద్దామంటే బంగార్రాజు చెయ్యి పట్టుకున్నాడు, కొట్టివేతలుంటే కోర్టులో గొడవట. అందుకని అది అలాగే ఉంది.

4. ఆ అరుగు ఖాళీగా లేదు. సంగతి ఏమిటంటే, కామా ఎక్కడ పెట్టాలో నేను పలక మీద చెప్పేదాన్ని కాదు. పిల్లల్నే వాక్యంగా నిలబెట్టేదాన్ని. ఒక జట్టు "చెరకు కోశాం" అంటుంది, ఒక జట్టు "బండికెత్తాం" అంటుంది, ఇంకో జట్టు "గోవాడ పంపాం" అంటుంది. జట్టుకీ జట్టుకీ మధ్య ఒక పిల్ల గొంతుక్కూర్చుని లేస్తుంది. ఆ పిల్ల లేచేదాకా తరవాతి జట్టు నోరు విప్పకూడదు. హెడ్మాస్టరు లక్ష్మీనరసింహం గారు కిటికీలోంచి అది చూసి, "ఏటి టీచరుగారూ, పసిగుంటల చేత గుంజీలు తీయిస్తన్నారా?" అని కేకలేసి, మెమో ఇచ్చి, ఆట మాన్పించారు. చెప్పబోతే వినలేదు. ఆ సాయంత్రమే పిల్లల్ని నా అరుగు మీదికి తెచ్చుకున్నాను. అప్పటినుంచి పాఠం అక్కడే.

5. కనుక వీధి అరుగు, దాని పైకప్పు, నల్లబల్ల, దాన, వినిమయ, విక్రయాది హక్కులతో నాగవేణికి చెందాలి. నాగవేణి నాకు చుట్టం కాదు. ఆ అరుగు మీద మొట్టమొదట కామా దగ్గర కూర్చున్న గుంట. ఒకరోజు కూర్చున్నది ఎంతకీ లేవలేదు. గద్దించబోయాను. "మీకు ఆయాసం తగ్గినాక లెగుత్తానండి టీచరుగోరూ" అంది. నా ఇంట్లో ఎవరూ అప్పటికి నా ఊపిరి గమనించలేదు. ఇప్పుడు టీచరు ట్రైనింగు పూర్తి చేసి, ఏడాదిగా నా బదులు తనే పాఠం చెబుతోంది. శ్యాంప్రసాద్ దీన్ని మనసులో పెట్టుకోకూడదు. పెట్టుకుంటాడనే నాకు బెంగ.

6. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత లక్ష్మీనరసింహం గారిది. ఆయన మీద నా కోపం పోలేదు, పోదు కూడా. కానీ పట్టిన పట్టు విడవని మనిషి, కాగితంలో ఉన్నది జరిపించి తీరతారు. ఆయనకి నా చెక్కపీట ఇస్తున్నాను. మోకాళ్ళ నొప్పులు కదా, దాని మీద కూర్చుని ఒక్క సాయంత్రమైనా కామా దగ్గర ఉండాలి. గుంజీలో కావో అప్పుడు చెప్పమనండి.

7. ఆపరేషన్ బాగా జరిగితే ఈ కాగితం చించేసి నేనే అరుగు ఎక్కుతాను. జరగకపోతే, శ్మశానం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, చెవిలో ముమ్మారు పిలుస్తారు కదా, ఆ పిలుపు నాగవేణి పిలవాలి. ఆడపిల్ల అంతదూరం రాకూడదని ఎవరూ అడ్డుపడకూడదు. "టీచరుగోరూ" అని పిలిచి కాసేపు ఆగాలి. మధ్యలో కూర్చున్న పిల్ల లేచేదాకా ఎవరూ కదలకూడదన్నది నా ఆటలో నియమం. ఆ ఒక్కరోజుకి ఆ నియమం రద్దు చేస్తున్నాను. నేను లేవకపోతే నా కోసం ఆగవద్దు. నాగవేణి అక్కణ్ణించే వెనక్కి తిరిగి, స్నానం చేసి, అరుగు మీద లైటు వేయాలి. సాయంత్రం పిల్లలు వస్తారు.

చోడవరం, 1994 డిసెంబరు 12.

(సంతకం) గంగాభవాని

నా కళ్ళ ముందు రాసి సంతకం చేశారనడానికి సాక్షులు:
బంగార్రాజు, దస్తావేజు లేఖరి
అచ్చియ్యమ్మ, ఎదురింటి కాపురస్తురాలు (వేలిముద్ర)