నీకు వద్దన్నదే రొయ్యకు కావాలట

నాన్నా,

నేను కులాసా. ఉద్యోగం మానేసి వచ్చేస్తానని పోయిన కార్డులో రాశాను కదా, ఆ మాట మరిచిపో.

ఇక్కడ రొయ్యల మేత కలిపే పని నాకిచ్చారు. నీ డాక్టరు మాటలు చెవిలో ఉండి, మేతలో కొలెస్ట్రాల్ ఎందుకులే అని తగ్గించేశాను. నా తొట్టిలో రొయ్యలు పాత పెంకు విడవలేక చిక్కుకుపోయాయి, కొన్ని చచ్చాయి కూడా. ఉద్యోగం ఊడినట్టే అనుకుంటూ మా పెద్ద మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వేసింది.

"ఇవి మీ నాన్న కాదమ్మాయ్. పెంకు విడవాలంటే వీటికి కొలెస్ట్రాల్ కావాలి. మనలాగా ఒంట్లో తయారుచేసుకోలేవు, మనమే పెట్టాలి. పెట్టి, ఏమవుతుందో నువ్వే చూడు" అని తొట్టి మళ్లీ నా చేతికే ఇచ్చింది.

ఈ ఉదయం ఒక రొయ్య పాత పెంకును వీపు దగ్గర చీల్చుకుని, ఒక్క విదిలింపుతో బయటపడింది. విడిచిన పెంకు మీసాలతో, కాళ్లతో సహా గాజుబొమ్మలా నీళ్లలో నిలిచింది. అంత పనితనం నేనెక్కడా చూడలేదు నాన్నా.

తను చూసిన ఉద్యోగానికి రానని బాబాయికి నువ్వే నచ్చజెప్పు. నా రబ్బరు బూట్లు పంపించు. అమ్మ మోకాలు ఎలా ఉంది? తనకు నా నమస్కారాలు.

గుడ్డులో పచ్చసొన తమ్ముడికి వదిలెయ్. నువ్వు రొయ్యవి కాదు.

నీ పెద్దది