అనీస్ మొబైల్స్ ముందు క్యూ

సెప్టెంబరు 16, మంగళవారం

బస్టాండు ఎదురుగా అనీస్ మొబైల్స్ మీద కొత్త ఫ్లెక్సీ కట్టారు. షాపు కంటే ఫ్లెక్సీ పెద్దది. శుక్రవారం ఆ ఫోను వస్తుందట. ప్రపంచమంతా దాని కోసం ఎదురుచూస్తోందట. జగ్గయ్యపేట కూడా ప్రపంచంలోనే ఉందని ఇలా తెలిసింది.

అనీస్ మర్యాదస్తుడు. ఎప్పుడు ఎదురుపడినా బాగున్నారా సార్ అని ఆగుతాడు. మర్యాద ఎక్కువైన వ్యాపారిని నేను నమ్మను. ఈ ఊరి నుంచి ముప్పై ఏళ్ళు పేపరుకి వార్తలు పంపినవాణ్ణి. నాతో అబద్ధం చెప్పినవాళ్ళంతా ముందు కుర్చీ వేసి, టీ తెప్పించి మరీ చెప్పారు.

సెప్టెంబరు 19, శుక్రవారం, ఉదయం

క్యూ ఉంది. షాపు మెట్ల దగ్గర మొదలై స్వీట్ల దుకాణం దాటి, మలుపు తిరిగింది. పైన టెంటు. ఎవరో డప్పు కూడా పెట్టించారు.

జనాన్ని చూసేటప్పుడు నేను మొహాలు చూడను, కాళ్ళు చూస్తాను. ఉద్యోగం నేర్పిన అలవాటు. సగం చెప్పుల మీద సిమెంటు దుమ్ము. ముక్త్యాల ఫ్యాక్టరీలో మూటలెత్తే మనుషులు. వాళ్ళ మధ్య ఆటో బెన్ని. ఆటోకి టైరు మార్చలేక నెల రోజులుగా అతుకులు వేయించుకుంటున్న మనిషి, మోటారు సైకిలు ఖరీదు చేసే ఫోను కోసం నిలబడ్డాడు.

ఇంకో సంగతి. కొనేవాడు షాపు వైపు చూస్తాడు. వీళ్ళు ఎండ ఎటు జరుగుతోందో చూస్తున్నారు.

అదే రోజు, సాయంత్రం

మళ్ళీ వెళ్ళాను. ఎదురు టీ కొట్లో కూర్చున్నాను. ముందు గుమ్మంలోంచి డబ్బాలు ఒక్కొక్కటిగా బయటికొస్తున్నాయి, ప్రతి డబ్బాకీ ఫోటో తీస్తున్నారు. తర్వాత పక్క సందులోంచి అవే డబ్బాలు గోతాంలో లోపలికి వెళ్తున్నాయి. టీ కొట్టువాడు కూడా చూశాడు. మనకెందుకు సార్ అన్నాడు. ఈ దేశాన్ని పాడుచేసింది ఆ మాటే.

నాలుగు గంటలకి సోల్డ్ అవుట్ అని బోర్డు పెట్టారు.

ఇంటికొచ్చి కమలాంబకి చెప్పాను. వీరులపాడు పీహెచ్‌సీలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. రోగుల మాట వినీ వినీ ఓపికంతా అక్కడే ఖర్చయినట్టుంది. నేను చెప్పేదంతా విని, ఉప్మా చల్లారిపోతోంది, తినండి అంది.

సెప్టెంబరు 20, శనివారం

కుటుంబరావు రాశాడు. రాయకుండా ఉంటాడా. జిల్లా పేజీలో పైన, సగం పేజీ. గ్రామీణ మార్కెట్లో హైఎండ్ డిమాండు, మారుతున్న ఆకాంక్షలు, పేటలో ఒక్క రోజులో స్టాకు ఖాళీ. నందిగామ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినాయన. నన్ను తీసేసిన పేపరులో ఇప్పుడు కాలమిస్టు. ఒకసారి నా పుస్తకం తీసుకెళ్ళి, నేను గీతలు గీసుకున్న చోటల్లా పక్కన పెన్సిలుతో తప్పు అని రాసి తిరిగిచ్చాడు. పదిహేనేళ్ళయింది. నేను మర్చిపోలేదు.

ఆకాంక్షలట. ఎండలో నిలబడ్డ కూలి మనుషులకి ఈయన ఆకాంక్షలు తగిలించాడు. ఈసారి దొరికాడు. క్యూ అద్దెదని రుజువైతే ఆ వ్యాసంతో పకోడీలు కూడా కట్టరు.

రాసి మూసేశాను. మళ్ళీ తెరిచి రాస్తున్నాను. వ్యాసంతో పాటు క్యూ ఫోటో వేశారు. భూతద్దంతో చూశాను. ముందు నుంచి మూడో మనిషి ఆడమనిషి. ఆకుపచ్చ అంచు చీర. చంకలో నల్ల గొడుగు.

కమలాంబ.

అడగలేదు. అడిగితే జవాబు తయారుచేసుకునే వీలు ఇచ్చినట్టు. చూస్తూ ఉండాలి.

సెప్టెంబరు 22, సోమవారం

బెన్నిని పట్టుకున్నాను. నేను అడిగేలోపే ఒప్పేసుకున్నాడు. తలకో బిర్యానీ, కూల్‌డ్రింకు, మధ్యాహ్నం దాకా నిలబడాలి, అంతేనట. మీటింగులకంటే ఇదే నయం సార్, జిందాబాద్‌లు లేవు, లారీలో కుక్కి తీసుకెళ్ళరు, షాపు తలుపు తీసినప్పుడల్లా ఏసీ కూడా తగులుద్ది అన్నాడు. సిగ్గు లేదా అన్నాను. లెగ్ పీస్ వచ్చింది సార్ అన్నాడు.

క్యూలో అందరూ మీలాంటివాళ్ళేనా అని అడిగాను. నా ఇంటి మనిషి సంగతి అతని నోట రావాలని. అటూ ఇటూ చూసి, సిస్టరమ్మ సంగతి నాకు తెలవదు సార్, ఆవిడ మాతో బిర్యానీ తినలా, లోపలికి పిలిచి కూర్చోబెట్టారు అన్నాడు.

లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ఎందుకు?

సెప్టెంబరు 25, గురువారం

పొద్దున్న కమలాంబ నందిగామ వెళ్ళొస్తానంది. తనతో పనిచేసిన దేవమణికి ఒంట్లో బాగాలేదట. వెనక బస్సులో నేనూ వెళ్ళాను. డెబ్బై నాలుగేళ్ళ వయసులో భార్య వెనకపడటం మర్యాద కాదని తెలుసు. మర్యాద మీద నా అభిప్రాయం ముందే రాశాను.

దేవమణి నిక్షేపంలా ఉంది. ఇద్దరూ కోర్టు వీధిలో చెరుకు రసం తాగుతున్నారు. నేను సోడా బండి వెనక నిలబడ్డాను. కమలాంబ చేతిలో ఫోను ఉంది. ఆ ఫోనే. వెనక మూడు కళ్ళు, ఫ్లెక్సీ మీద చూసినవే. దాన్ని ఎత్తి ఏవేవో ఫోటోలు తీస్తోంది. గోడ మీద మేకని. ఫైళ్ళ కట్ట మీద తల పెట్టి నిద్రపోతున్న గుమాస్తాని. ఎవరికీ అక్కర్లేనివి. దేవమణి ఏదో అంటే పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో విని చాలా కాలమైంది.

తిరుగు బస్సులో అంతా అర్థమైంది. శుక్రవారం సాయంత్రం నేను టీ కొట్లో కూర్చున్నది అనీస్ చూశాడు. ఈ ముసలాడు పాత విలేకరి, ఊరుకోడని తెలుసు. నా దగ్గరికి వచ్చే ధైర్యం లేక, ఆవిడ చేతికి ఫోను ఇచ్చి నా నోరు మూయించాలనుకున్నాడు. బిర్యానీ అందరికీ. మా ఇంటికి ఏకంగా ఫోను.

సెప్టెంబరు 26, శుక్రవారం

విజయవాడలో కంపెనీ ఆఫీసుకి ఫిర్యాదు రాశాను. క్యూ గురించి, గోతాం గురించి, పేరు చెప్పకుండా బెన్ని గురించి. చివరి పేరా మీద చాలాసేపు పనిచేశాను. ‘నిజం బయటపడకుండా ఉండేందుకు, లోకం తెలియని నా భార్య చేతికి ఆ ఫోనునే లంచంగా ముట్టజెప్పారు.’ సొంత ఇంటిని కూడా దాచుకోని మనిషి మాటని ఎవరైనా నమ్మాల్సిందే. కాపీ ఒకటి కుటుంబరావుకి పంపే ఆలోచన ఉంది. జవాబు వచ్చాక పంపుతాను. ఆయన మొహం ఊహించుకోవడానికి కొన్ని రోజులు కావాలి.

సెప్టెంబరు 27, శనివారం

రిజిస్టరు పోస్టు చేశాను. మధ్యాహ్నం కమ్మగా నిద్ర పట్టింది.

సెప్టెంబరు 29, సోమవారం

భోజనం దగ్గర మెల్లగా మొదలుపెట్టాను. అనీస్ ఎలాంటివాడు అన్నాను. మంచి పిల్లాడు అంది. నీకేమిచ్చాడు అన్నాను.

చేయి కడుక్కొచ్చి, నా పుస్తకాల బీరువా పక్కన బల్ల మీంచి ఫోను తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. ఇవ్వడమేంటి, కొనుక్కున్నా అంది. నా పెన్షను డబ్బులతో. ఆ రోజు వాళ్ళెవరో కొనేవాళ్ళలా నటిస్తుంటే, నిజంగా కొంటానంటున్నానని నమ్మక ఆ పిల్లాడే కంగారుపడి లోపల కూర్చోబెట్టాడట. నిజంగానా సిస్టరమ్మా అని మూడుసార్లు అడిగాడట.

మరి దాచావెందుకు అన్నాను. దాచలేదు, కొన్నప్పటి నుంచీ ఈ బల్ల మీదే చార్జింగు పెడుతున్నా, మీరు చూడలేదు అంది.

నీకెందుకు అంత ఫోను అన్నాను. ఈ వయసులో, ఎవరితో మాట్లాడటానికి అని కూడా అన్నాను. దానికి కోపం తెచ్చుకోలేదు. ఈ ఊళ్ళో దొరికేవాటిల్లో అన్నిటికంటే మంచిది ఒకటి నా దగ్గర ఉండాలనిపించింది, అంతే అంది. అంతే అనేది కారణం కాదన్నాను. రెండు బీరువాల పుస్తకాలు కొన్నారు, ఒక్కదానికన్నా ఎందుకని అడిగానా అంది.

 పచ్చడి బాగుందన్నాను.

సెప్టెంబరు 30, మంగళవారం

పోస్టాఫీసుకి వెళ్ళాను. ఉత్తరం వెనక్కి కావాలన్నాను. శనివారం పోస్టు చేసింది ఈపాటికి చేరి ఉంటుంది సార్, మీ టైములోలా కాదు, ఇప్పుడు సర్వీసు బాగా పెరిగింది అన్నాడు ఆ గుమాస్తా. గర్వంగా.

అక్టోబరు 1, బుధవారం

ఆవిడకి చెప్పాలి. రేపు పండగ. పండగ తర్వాత చెప్తాను.

అక్టోబరు 4, శనివారం

చెప్పలేదు. పెద్ద ఆఫీసులు ఉత్తరాలు చదవవు. చదివే ఆఫీసు నేనెక్కడా చూడలేదు.

అక్టోబరు 6, సోమవారం

చదివారు.

పదకొండు గంటలకి ఉపేంద్ర అనే కుర్రాడు వచ్చాడు. కంపెనీ ఏరియా మేనేజరట. కమలాంబ మజ్జిగ ఇచ్చింది. నేను అతన్ని అరుగు మీదే ఉంచి మాట్లాడాలనుకున్నాను, ఆవిడ ఎండగా ఉంది లోపలికి రా బాబూ అని పిలిచింది.

ముందు క్యూ గురించి చెప్పాడు. దాచకుండా చెప్పాడు, అదే నన్ను దెబ్బతీసింది. టెంటు మేమే పంపామండి అన్నాడు. నందిగామలో కూడా అంతేనండి, అక్కడ చికెన్ ఫ్రైడ్ రైసు అన్నాడు. మొదటి రోజు మనం నిలబెడతామండి, రెండో వారానికి వాళ్ళంతట వాళ్ళే వస్తారు, మొన్న పండగకి నిజంగానే స్టాకు చాల్లేదు, కావాలంటే అనీస్‌ని అడగండి అన్నాడు. గోతాం గురించి అడిగితే నవ్వాడు. నా ఫిర్యాదులో మూడు పేజీల నిజం అతనికి తెలిసిన సంగతే. ఎవరికీ అభ్యంతరం లేదు.

తను వచ్చింది చివరి పేరా కోసమట. లంచం అనే మాట ఉంటే విచారించి తీరాలని రూలు. రుజువైతే అనీస్ షాపుకి తమ ఫోన్లు ఆపేస్తారు. కాగితం తీశాడు. కమలాంబ గ్లాసు కోసం అక్కడే నిలబడి ఉంది. ఉపేంద్ర ఆవిడ వైపు చూసి, నా వైపు చూసి, తర్వాత మాట్లాడదామా సార్ అన్నాడు. ఏముంది బాబూ అందులో, చదువు అంది ఆవిడ. అతను నీళ్ళు నమిలాడు. కాగితం నాకిప్పించింది. మీ రాత మీరు చదివితేనే బాగుంటుంది అంది.

చదివాను. వాక్యం బాగానే కుదిరింది. ఎక్కడా తడుముకోవాల్సిన పని లేదు.

లంచం అన్న మాట వదిలేసింది. దానికి ముందు మాట మళ్ళీ చదవమంది. లోకం తెలియని, అని మళ్ళీ చదివాను. వీరులపాడు చుట్టుపక్కల ఊళ్ళలో సగం మందికి బొడ్డు కోసిన చేయి గ్లాసు పట్టుకుని నా ముందుంది.

తర్వాత బిల్లు తెచ్చి ఉపేంద్రకి ఇచ్చింది. అనీస్ తప్పేం లేదు, ఇదిగో చూసుకో బాబూ అంది. అతను తన ఫోనులో ఏదో సరిచూసి లేచి నిలబడ్డాడు. షాపుకి ఏ ఇబ్బందీ రాదమ్మా అన్నాడు. అసలు ఆ రోజు లైన్లో నిజంగా కొన్నది మీరొక్కరేనండి అన్నాడు. పొగడ్త అనుకున్నాడు పాపం.

నేను కమలా అన్నాను. ఆవిడ గ్లాసు కడగడానికి వెళ్ళింది.

అక్టోబరు 7, మంగళవారం

దేవమణి దగ్గరికి వెళ్ళింది. చీరలు రెండు సంచుల్లో పెట్టుకుంది. ఎప్పుడొస్తావని అడిగాను. మీకు ఊహించుకోవడం అలవాటే కదా, ఊహించుకోండి అంది.

అక్టోబరు 9, గురువారం

కుటుంబరావు ఫోన్ చేశాడు. పదిహేనేళ్ళలో మొదటిసారి. కమలాంబ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టిందట, రోజుకో ఫోటో వేస్తోందట, నందిగామలో తెలిసినవాళ్ళంతా చేరారట. ఈయనా ఉన్నాడు. మేడమ్ గారిలో ఇంత కళ ఉందని తెలియదండీ అన్నాడు. నిన్నటి ఫోటో అయితే అద్భుతమట. కోర్టు వీధిలో సోడా బండి. రంగు రంగు సీసాలు. వాటి సందులోంచి ఎవరో ముసలాయన కన్ను. ఆ కంట్లో ఎంత అనుమానం ఉందండీ, మీరు చూడాలి అన్నాడు.

అయ్యో, మీది బటన్ ఫోను కదా అన్నాడు.

ఆ రోజు చూసిందన్నమాట. చూసి, ఫోటో తీసి, ఇంటికొచ్చి నాకు కాఫీ పెట్టి ఇచ్చింది. నాలుగు రోజుల తర్వాత నేను నీకేమిచ్చాడని అడిగితే, చేయి కడుక్కొచ్చి జవాబు చెప్పింది.

అక్టోబరు 10, శుక్రవారం

ఆ ఫోటో చూడాలి. ఎవరినీ అడగలేను. బెన్నిని అడిగాను. అతనూ ఆ గ్రూపులో ఉన్నాడు. అతని ఫోను అద్దం పగిలి ఉంది. సీసాలు కనిపించాయి. కన్ను ఉండాల్సిన చోట పగులు ఉంది. మీరేనా సార్ అది అన్నాడు. కాదన్నాను.

అక్టోబరు 11, శనివారం

అనీస్ షాపుకి వెళ్ళాను. నా ఉత్తరం సంగతి అతనికి తెలుసు. అయినా కుర్చీ వేశాడు. ఆ ఫోను కావాలన్నాను. స్టాకు లేదు సార్ అన్నాడు. నిజంగానా అన్నాను. ఈసారి నిజంగానే అన్నాడు, నవ్వలేదు. సోమవారం లోడు వస్తుందట. ఇరవై మంది దాకా అడిగి ఉన్నారట, పొద్దున్నే వస్తే దొరుకుతుందట.

మీకెందుకు సార్ అంత ఫోను, మామూలుది చూపిస్తా అన్నాడు.

అదే కావాలన్నాను. సిస్టరమ్మ కూడా ఎందుకో చెప్పలేదండి అన్నాడు.

అక్టోబరు 13, సోమవారం, ఉదయం

షాపు ఇంకా తెరవలేదు. మెట్ల మీద ఈ పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డాడు. ముక్త్యాల మనిషిలా ఉన్నాడు. ఇక్కడ ఏమిస్తున్నారండీ అని అడిగాడు. తెలియదన్నాను. సంచి కింద పెట్టి అతనూ నిలబడ్డాడు.