మీరు మార్చిన లేబుళ్ళు

సార్,

నమస్కారం. మీరు పోయి తొమ్మిది నెలలైంది. వార్త విన్నప్పుడు నేను ఏడవలేదు. మీ సంతాప సభకు రమ్మని ముగ్గురు ఫోన్ చేశారు. శిష్యురాలిగా నాలుగు మంచి మాటలు చెప్పాలట... ఏం చెప్పమంటారు? రాలేదు.

మూడు నెలల క్రితం మీ ఆవిడగారు ఫోన్ చేశారు. "సునీతా, సారు పురుగుల పెట్టెలన్నీ వాసనొస్తన్నాయమ్మా. నువ్వైతే చూసుకుంటావ్, వచ్చి పట్టుకెళ్ళు" అన్నారు. జగ్గయ్యపేటలో మధ్యాహ్నం క్లాసు ఇంకొకరికి అప్పగించి నందిగామ బస్సెక్కాను. ఇప్పుడు నేను ఇక్కడ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. పీహెచ్‌డీ మీ దగ్గరే ఆగిపోయింది కదా.

ఎందుకు ఆగిందో మీకు తెలుసు. మా ఊరి గుట్ట మీద ప్లాస్టిక్ గ్లాసులు నేలలోకి పాతి, పేడ ఎర పెట్టి, రెండు వానాకాలాలు పేడపురుగులు పట్టాను. కూలికెళ్ళి వచ్చిన అమ్మ కూడా నాతో గుట్టెక్కేది. వాటిలో ఒకటి, తల మీద చీలిన కొమ్మున్నది, ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. దాన్ని తెచ్చి మీ బల్ల మీద పెట్టాను. మీరు మైక్రోస్కోపు మీంచి చాలాసేపు తల ఎత్తలేదు. "కొత్త జాతేనమ్మా" అన్నారు. మీ గొంతు వణికింది. ఆ వణుకు అబద్ధం కాదని ఇప్పటికీ నమ్ముతాను. అదే నాకు ఇంకా మంట.

ఏడాది తిరక్కుండా ఆ పురుగు మీద పరిశోధన పేపరు వచ్చింది. మీ పేరొక్కటే ఉంది. అడిగితే, "పట్టడం ఎవరైనా పడతారమ్మా. గుర్తుపట్టేవాడే సైంటిస్టు" అన్నారు. దొరికిన చోటు మా గుట్ట కాదు, వీరులపాడు అని ఉంది. పొరపాటేమో అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

తర్వాత మా గుట్టకి సున్నపురాయి క్వారీ వచ్చింది. ఊళ్ళో మీటింగు పెట్టారు. నేను లేచి, ఇంకెక్కడా దొరకని పురుగు ఈ గుట్ట మీద ఉంది, తవ్వొద్దన్నాను. ఎవరో నిపుణుడి రిపోర్టట, ఆఫీసరు చదివి వినిపించాడు. గుట్ట మీద చెప్పుకోదగ్గ కీటకాలే లేవని. జనం నవ్వారు. అమ్మ తల వంచుకుంది.

బయటికొచ్చి మీకు ఫోన్ చేసి ఏడ్చాను. "ఎమోషన్ కాదమ్మా, డేటా చూపించు" అన్నారు. నా పురుగులన్నీ మీ బీరువాలోనే ఉన్నాయి కదా సార్ అంటే ఫోన్ పెట్టేశారు. మళ్ళీ మీ ల్యాబు గడప తొక్కలేదు.

ఆ రోజు మీ ఇంట్లో మూడో పెట్టె తెరిచాను. అవే పురుగులు. గుచ్చిన సూదుల కింద, ఎక్కడ ఎవరు పట్టారో చెప్పే లేబుళ్ళు మాత్రం మీ చేతిరాతలో ఉన్నాయి. వీరులపాడు... పట్టినవారు మీరు. అడుగున థర్మాకోల్ కింద ఒక కవరు దొరికింది. అందులో నేను రాసిన పాత లేబుళ్ళు, వాటితోపాటు క్వారీ రిపోర్టు నకలు. చివర మీ సంతకం! నేను పురుగు తెచ్చిచ్చిన రెండు నెలలకు పెట్టింది.

ఎవరడిగారు సార్? ఎందుకు ఒప్పుకున్నారు? ఆ లేబుళ్ళు పారేయడానికి చెయ్యి రాలేదా? ఎప్పటికైనా నేను చూడాలనా? చచ్చాక కూడా నన్ను ఇలా సందేహంలో పెట్టాలా?

ఆ రిపోర్టు కాగితం మీ ఆవిడగారికి చూపించాను. ఆవిడ చదివి, "పోయినాయన మీద ఎందుకమ్మా ఇప్పుడిది?" అన్నారు. ఆ ముఖం చూశాక కాగితం మళ్ళీ కవర్లో పెట్టేశాను. కవరు బల్ల మీదే వదిలేసి, పెట్టెలు ఆటోలో పెట్టించుకున్నాను. ఆటో కదులుతుంటే ఆవిడే వచ్చి కవరు నా ఒళ్ళో పెట్టారు.

ఆ ఆదివారం గుట్టకి వెళ్ళాను. గుట్టెక్కడిది, గొయ్యి. ఒక పక్క కాస్త వాలు మిగిలింది. వానలు అయిపోవస్తున్నా, అక్కడే గ్లాసులు పాతి మూడు వారాలు చూశాను. మామూలు పురుగులు పడ్డాయి. కొమ్మున్నది ఒక్కటీ పడలేదు.

మీ పేపరు వేసిన పత్రికకే సవరణ రాసి పంపాను. నా పాత లేబుళ్ళవీ, మీరు మార్చినవాటివీ ఫోటోలు పెట్టాను. వేస్తామని ఎడిటరు జవాబిచ్చారు. మా గుట్ట పేరు వస్తుంది. పట్టినవాళ్ళుగా నా పేరూ, అమ్మ పేరూ వస్తాయి. మీరు చేసింది కూడా వస్తుంది.

ఒక్కటి మాత్రం మార్చలేను. మొదట వర్ణించినవారి పేరు జాతి పేరు పక్కన ఎప్పటికీ ఉంటుంది. ఆ పురుగు గురించి రాసినప్పుడల్లా నా చేత్తో నేనే మీ పేరు రాయాలి. సవరణలో పదకొండుసార్లు రాశాను సార్. ప్రతిసారీ చెయ్యి ఆగింది.

తొలకరి పడగానే మళ్ళీ ఆ వాలు మీదికి వెళ్తాను.

దొరికితే మీకు మాత్రం చెప్పను.

సునీత